కాలిన రాయి, కాలే రొట్టె: వేడిని దాచుకోవడంపై ఒక పరిశీలన

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలో, కడోదరా నుంచి బార్డోలీ వెళ్లే దారి పక్కన జోల్వా ఉంది. చుట్టూ పవర్‌లూమ్ షెడ్లు, బట్టకు రంగులద్దే మిల్లులు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి నేతపని కోసం తరతరాలుగా వలస వచ్చిన తెలుగు కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, ఈ సూరత్ మగ్గాల ప్రాంతమంతా స్థిరపడి ఉన్నారు. ఇక్కడి మగ్గాల మీద 12 గంటల షిఫ్టు మామూలు. పొద్దున కాల్చిన జొన్నరొట్టెను మధ్యాహ్నం దాకా మెత్తగా, వెచ్చగా ఎలా ఉంచుకోవాలన్నది ఇలాంటి చోట రోజూ ఎదురయ్యే ప్రశ్న.

ఆ ప్రశ్నకు ప్రపంచంలో చాలాచోట్ల దొరికిన జవాబు రాయి. రాయిని కాల్చి దాని మీద రొట్టె వేయడం, కాలిన రాయిని పక్కన పెట్టి రొట్టెను వేడిగా ఉంచడం ఎన్నో దేశాల్లో ఉంది. తెలుగువాళ్లకు రాయి కొత్త కాదు. తెలంగాణ నేల కింద సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ ఉంది. జోల్వాకు తూర్పున, సహ్యాద్రి వైపు సాగే కొద్దీ, సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం లావాగా పారి గడ్డకట్టిన నల్లరాయి, అంటే బసాల్ట్, పరచుకుని ఉంది. వదిలి వచ్చిన ఊళ్లో రాయే, చేరుకున్న ఊరి దగ్గరా రాయే. అయినా మన రొట్టె ఇనుప పెనం మీదో మట్టి పెనం మీదో కాలుతుంది తప్ప రాతి మీద కాలదు. ఎందుకు? ఈ వ్యాసం వెతికేది ఆ కారణాన్ని. దొరికిన ఆధారం ఎంతవరకు నిలుస్తుందో అంతవరకే వెళ్లి ఆగుతాను.

పాత ఆధారాలు ఏం చెబుతున్నాయి

ఇప్పటికి దొరికిన వాటిలో అతి పాత రొట్టె జోర్డాన్ ఈశాన్యంలోని నల్ల ఎడారిది. షుబైకా 1 అనే చోట అమాయా అర్రాంజ్-ఒటేగీ బృందం పరిశీలించిన 24 మాడిన ముక్కలు సుమారు 14,400 ఏళ్ల నాటి రొట్టె ముక్కలని 2018లో ప్రకటించారు. అడవి గోధుమజాతి గింజల పిండి, తుంగజాతి దుంపల పిండి కలిపి చేసినవి అవి. అక్కడ వ్యవసాయం మొదలవడానికి సుమారు 4,000 ఏళ్ల ముందటి మాట ఇది. ఆ ముక్కలు దొరికిన పొయ్యిలు నేలలోకి దించి, చదునైన బసాల్ట్ రాళ్లు పరిచి కట్టినవి. ఇంతవరకు గట్టి సాక్ష్యం. రొట్టెను ఆ రాతి మీదే వేశారా, బూడిదలో పూడ్చారా అన్నది వేరే సంగతి. రెండు పద్ధతులూ సాధ్యమే. పొయ్యిలో రాయి కనబడినంత మాత్రాన రొట్టె రాతి మీద కాలిందని తేల్చకూడదు. ఈ జాగ్రత్త మన దేశపు తవ్వకాలకూ వర్తిస్తుంది.

మన వైపు వస్తే, దక్షిణ భారత నవీన శిలాయుగపు ఆహారం గురించి డోరియన్ ఫుల్లర్, ఆయన సహచరులు చేసిన పని మనకు అన్నిటికంటే దగ్గరిది. సంగనకల్లు, హల్లూరు లాంటి కర్ణాటక స్థలాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోని చోట్ల కూడా మాడిన గింజలను నీటిలో తేల్చి సేకరించి చూశారు. మొదట కనబడ్డవి అండుకొర్రలు, ఇంకో చిరుధాన్యం, ఉలవలు, పెసలు. గోధుమ, బార్లీ తరవాత వచ్చాయి, అదీ కొద్దిగా. ఆఫ్రికా నుంచి వచ్చిన జొన్న ఈ నేలకు ఇంకా ఆలస్యంగా అలవాటైంది. 2011లో ఫుల్లర్, మైఖేల్ రోలండ్స్ కలిసి రాసిన వ్యాసం దీన్ని ఇంకా పెద్ద పటంలో పెట్టింది. పశ్చిమాసియాలో పిండి విసిరి కాల్చడం, తూర్పు ఆసియాలో గింజను ఉడికించడం, ఆవిరి పట్టడం వేల ఏళ్లుగా నిలిచిపోయిన రెండు ధోరణులని, భారతదేశంలో ఆ రెండూ కలుస్తాయని వాళ్ల వాదన. దక్షిణాదిలో పునాది కుండలో ఉడికే అంబలిదీ సంకటిదీ. రొట్టె దాని మీద తరవాత వచ్చి చేరింది. కాల్చే సంప్రదాయం బలంగా ఉన్న వాయవ్యంలో, సింధు నాగరికతకు చెందిన కాళీబంగన్‌లో, తందూరును పోలిన పొయ్యిలు దొరికాయి. అవి కూడా మట్టివే.

దీన్నిబట్టి నేను ధైర్యంగా చెప్పగలిగినది ఒక్కటే. తెలుగు వంటలో నిప్పు మీద నిలిచే పని మొదటి నుంచి కుండది, అంటే మట్టిది. రొట్టె వచ్చేనాటికి కుమ్మరి చెయ్యి సిద్ధంగా ఉంది. మట్టి పెనం చేయించుకోవడం తేలిక, పగిలితే ఇంకోటి తెచ్చుకోవడం ఇంకా తేలిక. దక్షిణ గుజరాత్‌లోనూ ఇదే వరస కనిపిస్తుంది. డాంగ్ కొండల్లో రాగి రొట్ల కాల్చేది తావడీ అనే మట్టి పెనం మీద. చలికాలంలో వల్సాడ్, నవసారి వైపు దారి పక్కన అమ్మే ఉబాడియుంను చిక్కుళ్లు, దుంపలు మట్టికుండలో ఆకులతో కుక్కి, కుండను బోర్లించి, చుట్టూ మంట వేసి వండుతారు. ఇదే పని పసిఫిక్ దీవుల్లో కాలిన రాళ్లు చేస్తాయి. హవాయి నేలపొయ్యిలో, న్యూజిలాండ్ మావోరీల హాంగీలో వాడేది అగ్నిపర్వతపు రాయే. సహ్యాద్రి నల్లరాయికి అది దూరపు చుట్టం. రాయి దగ్గర్లో ఉండి కూడా దక్షిణ గుజరాత్ కుండను ఎంచుకుంది.

రాయి, ఇనుము, మట్టి: తాకిన క్షణంలో

రొట్టె రంగు, రుచి తేలేది పిండి పెనాన్ని తాకిన మొదటి కొన్ని క్షణాల్లో. పెనం 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నంత మాత్రాన రొట్టె అడుగుకు 300 తగలదు. రెండు వస్తువులు తాకినప్పుడు నడుమ ఏర్పడే ఉష్ణోగ్రత, ఏది తన వేడిని ఎంత జోరుగా ఇవ్వగలదన్న దాని మీద ఉంటుంది. ఆ జోరు వస్తువు సాంద్రత, అది దాచుకునే వేడి, వేడిని తనలో పారించే వేగం కలిస్తే వస్తుంది.

సాధారణంగా ఇచ్చే విలువలతో లెక్క వేస్తే ఇలా వస్తుంది. 30 డిగ్రీల పిండిని 300 డిగ్రీల పోత ఇనుము మీద వేస్తే తాకిన చోట సుమారు 280 డిగ్రీలు. గ్రానైట్ మీద సుమారు 215. కాల్చిన మట్టి మీద సుమారు 165. ఇవి అంచనాలే. రాయి రకం, మట్టి గుల్లదనం, పిండి తడి మారితే అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. వరుస మాత్రం మారదు. ఇనుము మాడుస్తుంది, మట్టి కాపాడుతుంది, రాయి నడుమ నిలుస్తుంది. మట్టి పెనం మీద రొట్టె మాడదని పల్లెల్లో చెప్పే మాట వెనక ఉన్నది ఇదే.

ఇటలీ పిజ్జా మీద 2018లో ఇదే పద్ధతిలో ఒక లెక్క వచ్చింది. భౌతిక శాస్త్రవేత్తలు ఆండ్రే వర్లమోవ్, ఆండ్రియాస్ గ్లాట్జ్, ఆహార మానవశాస్త్రం తెలిసిన సెర్జో గ్రాస్సో కలిసి చేశారు. 330 డిగ్రీల ఇటుక పొయ్యిలో పిజ్జా అడుగుకు తగిలేది సుమారు 208 డిగ్రీలని, అదే వేడి మీద ఉక్కు పలక అయితే సుమారు 300కు చేరి అడుగు మాడిపోతుందని చూపారు. రాయీ ఇటుకా ఎక్కువ వేడెక్కినా మెల్లగా ఇస్తాయి. అందుకే పులిసిన, మందపు గోధుమ రొట్టెకు అవి నప్పుతాయి. పైన పొయ్యి గుమ్మటం నుంచి వేడి కిందికి దిగుతుండగా అడుగు మాడకుండా లోపల ఉడికే వ్యవధి దొరుకుతుంది.

జొన్నరొట్టె తీరు వేరు. మరిగిన నీళ్లు పోసి పిండి కలిపేటప్పుడే గంజి పదార్థం కొంత ఉడుకుతుంది. ఆ జిగురే పిండిని పట్టి ఉంచుతుంది, ఎందుకంటే జొన్నలో గోధుమలోని సాగే గుణం లేదు. చేత్తో తట్టిన రొట్టెను పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో అద్ది, తిప్పి, చివరకు నిప్పుల మీద పొంగిస్తారు. పొంగించే వేడి నేరుగా నిప్పు నుంచి వస్తుంది. పెనం దాచుకున్న వేడితో ఆ చివరి దశకు పని లేదు. పలచటి రొట్టె ఒక్కటే, రెండు మూడు నిమిషాల పని, వెంటనే ఇంకోటి. ఇలాంటి పనికి కావలసింది మంటతో పాటు వెంటనే వేడెక్కి, మంట తగ్గించగానే తగ్గే పెనం. నాలుగు మిల్లీమీటర్ల ఇనుప పెనం అడుగు నుంచి పై వరకు వేడి చేరడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. మూడు సెంటీమీటర్ల నల్లరాతి పలకలో అదే వేడి పైకి రావడానికి సుమారు 20 నిమిషాలు. ఒక రొట్టె తీసిన చోట చల్లబడిన పలక మళ్లీ కోలుకోవడమూ అంతే నెమ్మది.

కట్టెల లెక్క

ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే బలమైన సాక్ష్యంగా కనబడుతున్నది కట్టెల ఖర్చు. 100 గ్రాముల పిండితో చేసిన ఒక రొట్టెను 100 డిగ్రీలకు తేవడానికి, అందులోంచి సుమారు 30 గ్రాముల నీరు ఆవిరి కావడానికి కలిపి 110 కిలోజౌళ్ల వేడి కావాలి. పది రొట్టెలకు 1,100. ఇప్పుడు 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 3 మందం ఉన్న నల్లరాతి పలక తీసుకుందాం. బరువు సుమారు 10 కిలోలు. దాన్ని 30 డిగ్రీల నుంచి 300కు చేర్చడానికే 2,270 కిలోజౌళ్లు పడతాయి. అంటే పది రొట్టెల కంటే రెట్టింపు వేడిని ముందు రాయికే తినిపించాలి. కిలోన్నర ఇనుప పెనాన్ని 230 డిగ్రీలకు చేర్చడానికి 140 కిలోజౌళ్లు సరిపోతాయి.

మూడు రాళ్ల పొయ్యి కట్టెలోని వేడిలో 10 నుంచి 15 శాతమే గిన్నెకు అందిస్తుంది. ఆ లెక్కన పలక వేడెక్కడానికే కిలో నుంచి ఒకటిన్నర కిలో ఎండు కట్టెలు పోతాయి, అదీ మొదటి రొట్టె వేయకముందు. ఎనిమిది, పది రొట్టెలు చేసుకునే ఇల్లాలికి ఇది గిట్టుబాటు కాదు. వందల రొట్టెలు దింపే బేకరీకి గిట్టుతుంది, ఎందుకంటే మొదటి ఖర్చు వందల మీద పంచుకుపోతుంది. పొయ్యి ఆరినా రాయీ ఇటుకా దాచుకున్న వేడి పని చేస్తూనే ఉంటుంది. మొదట ఎక్కువ వేడి కోరే రొట్టె, తరవాత బిస్కెట్, చివరికి ఎండబెట్టే పని, ఇలా తగ్గుతున్న వేడిని వరుసగా వాడుకోవచ్చు.

సూరత్‌లోనే దీనికి దగ్గరి చరిత్ర ఉంది. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు ఇక్కడ తమ వర్తక స్థావరం పెట్టారు. యూరప్ తీరు రొట్టె వాళ్ల అవసరం. 1825లో ఆ స్థావరం బ్రిటిష్‌వారికి దక్కాక డచ్చివాళ్ల రొట్టె పని పార్సీ చేతుల్లోకి వచ్చింది. ఫ్రామ్‌జీ పెస్తన్‌జీ దోటివాలా పేరుతో 1861 నుంచి నడుస్తున్నట్టు చెప్పుకొనే బేకరీ ఇప్పటికీ నగరంలో ప్రసిద్ధి. అమ్ముడుపోని రొట్టెను ఎండబెట్టడం నుంచి సూరత్ బిస్కెట్లు పుట్టాయని ఆ కుటుంబంలో చెప్పుకునే కథ. కథలోని వివరాలన్నీ చరిత్రగా తీసుకోనక్కరలేదు. అయినా కట్టెల పొయ్యి నడిపే ఏ బేకరీకైనా ఎండబెట్టడానికి మిగిలిన వేడి ఉచితంగా దొరుకుతుందన్నది నిజం. హైదరాబాద్ పాతబస్తీలో 1851 నుంచి నడిచిందని చెప్పే మున్షీ నాన్ దుకాణపు చార్‌కోనీ నాన్ కూడా పొయ్యి గోడ దాచుకున్న వేడి మీదే కాలేది. ఇవన్నీ అంగడి పనులు. ఇంటి వంటకు ఆ పొయ్యి రాలేదు.

ఒక ఎదురు ఉదాహరణను ఇక్కడే ఎదుర్కోవాలి. నార్వేలోని హార్డాంగర్ తీరంలో ఓల్వే, హాట్లెస్ట్రాండ్ గనుల నుంచి సుమారు క్రీ.శ. 1100 మొదలు శతాబ్దాల పాటు మెత్తటి పలకరాళ్లు తీసి, రొట్టె కాల్చడానికి ఇళ్లలో వాడారు, ఉత్తర అట్లాంటిక్ దీవులకూ పంపారు. బ్రిటన్ కొండ ప్రాంతాల్లోనూ ఓట్స్ రొట్టె రాతి పెనం మీదే కాలేది. ఓట్స్, బార్లీలకు గోధుమలోని సాగే గుణం అంతగా లేదు. కాబట్టి సాగే గుణం లేని పిండి రొట్టె రాతికి పనికిరాదన్న వాదన నిలవదు. మరి తేడా ఎక్కడ? ఆ రొట్టె పలచటిది, ఎండుది. ఒకసారి పొయ్యి వెలిగిస్తే కుటుంబానికి వారాలు, నెలలు నిలిచేంత చేసి దాచేవారు. చలి దేశంలో పొయ్యి పక్కన వేడి నిలిస్తే ఇల్లు కూడా వెచ్చబడుతుంది. రాయి ఖర్చు అక్కడ రెండు విధాల తిరిగి వచ్చేది.

ఇందుకు ఒక ఆక్షేపణ ఉంది. షోలాపూర్, విజయపుర ప్రాంతంలోనూ పెళుసైన ఎండు జొన్నరొట్టె చేసి వారాల తరబడి దాస్తారు. అయినా అక్కడ రాతి పలక రాలేదు, ఇనుప పెనమే ఉంది. అంటే నిల్వ ఉండే రొట్టె ఒక్కటే కారణం కాలేదు. కట్టెలు, మంట తీరు, చుట్టుపక్కల దొరికే రాయి, చేతివాటం అన్నీ కలిశాయి. ఒక్క సూత్రంతో దీన్ని తేల్చేయడం నాకు నచ్చదు.

మంట తెలిసిన చేతులకు రాయి తెలుసు

రాయి అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. గ్రానైట్‌లో తెల్లగా మెరిసే క్వార్ట్జ్ ఉంటుంది. 573 డిగ్రీల దగ్గర దాని లోపలి అమరిక మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది. అంతకంటే తక్కువ వేడిలో కూడా పక్కపక్క ఖనిజాలు వేర్వేరుగా సాగి సన్నటి పగుళ్లు పుట్టిస్తాయి. నల్లరాతిలో క్వార్ట్జ్ దాదాపు ఉండదు. పదే పదే కాల్చే పనికి అది గ్రానైట్ కంటే ఎక్కువ తట్టుకుంటుంది. హవాయి వంటవాళ్లు గుల్లగా ఉన్న బసాల్ట్ ఏరుకునేది కూడా ఇందుకే. లోపలి ఆవిరికి దారి దొరికితే రాయి పగలదు.

గ్రానైట్‌కున్న ఈ గుణాన్ని దక్షిణాది రాతిపనివారు ఎప్పటి నుంచో పనిముట్టుగా వాడుకున్నారు. బండ మీద కట్టెల మంటను మెల్లగా జరుపుతూ పోతే పై పొర కింది రాయి నుంచి విడివడుతుంది. బెంగళూరు ప్రాంతపు ఈ పద్ధతిని హెచ్. వార్త్ 1895లో 'నేచర్' పత్రికలో వివరించారు. తెలుగు నేలలో వడ్డెరలు తరతరాలుగా బండలతో బతికినవారు. మంట తగిలితే గ్రానైట్ పొర లేస్తుందని తెలిసిన సమాజం ఇంటి పొయ్యి మీద అదే రాయిని రోజూ పెట్టదు. దీన్ని నిరూపణగా చెప్పడం లేదు. అయినా కట్టెల ఖర్చు తరవాత ఆచరణకు ఇంత దగ్గరగా నిలిచే కారణం మరొకటి నాకు కనబడలేదు.

హైదరాబాద్ 'పత్థర్ కా గోష్త్' దీనికి తప్పించుకోలేని ఎదురు ఉదాహరణ. రాతి పలకను కాళ్ల మీద నిలిపి, కింద బొగ్గులు వేసి, మసాలా పట్టించిన మాంసాన్ని పైన కాలుస్తారు. వేటకు వెళ్లిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఇది పుట్టిందన్నది ప్రచారంలో ఉన్న కథ. ఆయన పాలన 1869 నుంచి 1911 దాకా సాగింది. కథను కథగానే ఉంచుదాం. వంట మాత్రం ఈనాటికీ కళ్లెదుట ఉంది. బొగ్గుల వేడి మంట అంత తీవ్రంగా ఉండదు, పలక పైభాగం 573 డిగ్రీలకు చాలా కింద నిలుస్తుంది, మాంసంలోని నీరు, కొవ్వు దాన్ని ఇంకా చల్లార్చుతాయి. అందుకే పలక తట్టుకుంటుంది. అయినా అది రోజువారీ రొట్టెకు దారి కాలేదు, విందు వంటగా నిలిచింది.

ఇక రొట్టెనూ రాయినీ నేరుగా కలిపిన రెండు పద్ధతులను చెప్పి ముందుకు పోతాను. బలూచిస్తాన్‌లో కాక్ అనే రొట్టె ఉంది. గుండ్రటి రాయిని నిప్పుల్లో కాల్చి, దాని చుట్టూ పిండి చుట్టి, మంట పక్కన పెడతారు. లోపలి నుంచి రాయి, బయటి నుంచి మంట కాలుస్తాయి. పెనం మోయనక్కరలేని పశువుల కాపరులకు సరిపోయే పద్ధతి అది. ఇరాన్‌లో సంగక్ రొట్టెను పొయ్యిలో పరిచిన కాలిన గులకరాళ్ల మీద వేస్తారు. రాళ్ల మధ్య గుంటల్లోకి పిండి దిగి, రొట్టె మీద ఆ గుర్తులు పడతాయి. తినేముందు అంటుకున్న గులకలను తీసేయాలి. మొదటిది సంచారజీవులది, రెండోది అంగడిది. మగ్గాల మధ్య బతికే జోల్వా ఇంటికి రెండూ దూరమే.

రాచిప్ప దగ్గర కథ మారుతుంది

తెలుగు ఇంట్లో రాయి పొయ్యి ఎక్కలేదనుకుంటే తప్పు. రాచిప్ప ఉంది. మెత్తటి బలపపురాయిని తొలిచి చేసిన ఈ గిన్నెలో పులుసు, పప్పు కాచేవారు. దించిన తరవాత కూడా లోపల కుతకుత ఉడుకుతుందని, సాయంత్రం దాకా వెచ్చగా ఉంటుందని ఇళ్లలో పెద్దలు చెబుతారు. కొత్తదాన్ని వెంటనే పొయ్యి మీద పెట్టరు. నూనె, పసుపు పట్టించి, గంజి పోసి రోజుల తరబడి పదును చేస్తారు. ఖాళీగా మంట మీద పెడితే పగులుతుందని, చల్లటి నీళ్లు పోయవద్దని జాగ్రత్తలు చెబుతారు.

ఇందులో ఒక ముఖ్యమైన సూచన దాగి ఉంది. రాచిప్పలో ఎప్పుడూ తడి ఉంటుంది. నీరు ఉన్నంతసేపు గిన్నె లోపలి ముఖం 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. రొట్టెకు కావలసింది 200 దాటిన పొడి వేడి. అంటే తెలుగు వంటిల్లు రాతిని దాని బలం ఉన్న పరిధిలోనే ఉంచింది. కాల్చే పని ఇవ్వలేదు, వేడి నిలిపే పని ఇచ్చింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇదే. వంట ఇంగితం భౌతిక శాస్త్రపు లెక్కను ముందే చేరుకుంది.

రాచిప్ప గొప్పను కూడా కొలిచే చూద్దాం. మూడు కిలోల రాచిప్ప 100 డిగ్రీల నుంచి 60కి దిగేలోపు సుమారు 118 కిలోజౌళ్లు ఇస్తుంది. అందులోని రెండు లీటర్ల పులుసు ఇచ్చేది సుమారు 330. అంటే వేడిలో పెద్ద వాటా పులుసుదే, రాయిది కాదు. అరకిలో అల్యూమినియం గిన్నె ఇచ్చేది 18 మాత్రమే. మొత్తం మీద రాచిప్ప పులుసు దాదాపు 30 శాతం ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. సాయంత్రం దాకా అన్న మాటకు రాయి ఒక్కటే కారణం కాదు. మూత, పొయ్యి బూడిద పక్కన పెట్టడం, గిన్నె మందం అన్నీ కలుస్తాయి. ఈ సాయంలో బూడిద పాత్ర పెద్దదే. పాలు మెల్లగా కాగడానికి పిడకలు రగిల్చే దాలి ఉండేది. వేడిని దాచడానికి తెలుగు పల్లె ఎంచుకున్న ఒక సాధనం ఆ కుమిలే పిడక.

రొట్టెను వెచ్చగా ఉంచడం

వేడి తగ్గితే రొట్టె గట్టిపడుతుంది, ఎందుకంటే ఉడికిన గంజి పదార్థం మళ్లీ బిగుసుకుంటుంది. ఈ బిగుసుకోవడం ఫ్రిజ్ చలిలో అన్నిటికంటే వేగంగా, 60 డిగ్రీల పైన చాలా నెమ్మదిగా సాగుతుంది. సాగే గుణం లేని జొన్నకు ఇది గోధుమ కంటే ఎక్కువ కష్టం. వండిన ఆహారాన్ని వేడిగా ఉంచాలంటే 60 డిగ్రీల పైన ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ గీతకు కింద గోరువెచ్చగా, చెమటపట్టి ఉన్న రొట్టెలో సూక్ష్మజీవులు పెరిగే వీలుంది.

రెండు కిలోల నల్లరాయి 120 డిగ్రీల నుంచి 60కి దిగేలోపు సుమారు 100 కిలోజౌళ్లు ఇస్తుంది. మందపు బట్టతో చుట్టిన బుట్ట నుంచి సెకనుకు 15 జౌళ్లు బయటికి పోతాయనుకుంటే అది సుమారు 1 గంట 50 నిమిషాల వెచ్చదనం. బుట్ట మూత, బట్ట పొరలు మారితే ఈ వ్యవధి సగమూ కావచ్చు, రెట్టింపూ కావచ్చు. 12 గంటల షిఫ్టుకు ఇది సరిపోదు. రెండు కిలోల రాయిని టిఫిన్ డబ్బాతో మోయమనడమూ న్యాయం కాదు. ఇంట్లో అందరూ ఒక్కసారి కూర్చోని రోజున, ఒకరు షిఫ్టు ముగించుకుని వచ్చేదాకా రొట్టె వెచ్చగా ఉంచాలంటే మాత్రం పనికొస్తుంది. రాయి మీద నేరుగా పెడితే అడుగు ఎండిపోతుంది, ఆవిరి పైకి చేరి పై రొట్టెను తడుపుతుంది. వెదురు తడిక ఒకటి మధ్యన ఉంచి, బట్టను వదులుగా కప్పాలి. మిల్లుకు తీసుకెళ్లడానికి మంచి మూతగల డబ్బాయే మేలు.

రాయి వాడాలనుకునేవారికి నా మాట సూటిగా చెబుతాను. నది నుంచి తెచ్చిన రాయిని వాడవద్దు. లోపల దాగిన నీరు ఆవిరై రాయిని పేల్చగలదు, ముక్కలు కంటికి తగిలే ప్రమాదం ఉంది. నున్నగా మెరిపించిన వంటింటి గట్టు ముక్కలు వద్దు, వాటి రసాయనపు పూత వేడికి పనికిరాదు. మార్బుల్, సున్నపురాయి వేడికి చెడతాయి. పగుళ్లు లేని, ఎండిన నల్లరాయి దొరికితే తీసుకుని, మొదటి కొన్నిసార్లు సన్నసెగ మీద గంటసేపు మెల్లగా వేడి చేయాలి. కాలిన రాయి మీద నీళ్లు చల్లవద్దు.

రొట్టె కాల్చడానికి మాత్రం ఉన్న పెనాన్నే ఉంచుకోండి. మట్టిదైతే మాడదు, ఇనుపదైతే త్వరగా వేడెక్కుతుంది, రెండూ రాతి పలక కంటే తక్కువ గ్యాస్ తింటాయి.